సాయం కోరిన ఆడబిడ్డకు తిరిగి ఫోన్ చేసే ముందు

మేము చేసిన ఒక తప్పును ఒప్పుకుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. కొన్నేళ్ల క్రితం అరకు సంతలో ఒక సోదరి మమ్మల్ని గుర్తుపట్టి పక్కకు పిలిచింది. భర్త కొడుతున్నాడని రెండు మాటల్లో చెప్పి, ఒక నంబరు ఇచ్చి, జనంలో కలిసిపోయింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే క్షేమం కనుక్కుందామని ఆ నంబరుకు ఫోన్ చేశాము. ఎత్తినది ఆమె భర్త. "ఎవరు మీరు? ఆమెతో మీకేం పని?" అన్నాడు. తడబడి పెట్టేశాము. తర్వాత నెల రోజులు ఆమె సంతకు రాలేదు. వచ్చిన రోజున మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంది. ఆ నెలలో ఏం జరిగిందో మేము అడగలేదు. అడిగే అర్హత మాకు మిగలలేదు.

మూడు దశాబ్దాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాము. ఏ కాగితం ఎవరి బల్ల మీదికి పోవాలో, ఎవరి కంట పడకూడదో మాకు తెలుసు. ఆ ఆడబిడ్డ ఇచ్చిన నంబరు కూడా అలాంటి రహస్య దస్త్రమేనన్న సంగతి మాత్రం ఆనాడు మాకు తట్టలేదు.

ప్రతి కార్యాలయం గోడ మీద "మహిళలూ, 181కి ఫోన్ చేయండి", "ఆపదలో 112" అన్న రాతలు కనిపిస్తాయి. మంచివే. కానీ ఎవరి ఫోన్ నుంచి చేయాలి? ఎక్కడ నిలబడి చేయాలి? మన్యంలో ఎన్నో ఇళ్లలో ఉన్నది ఒకే ఫోన్. సిమ్ భర్త పేరు మీద, రీచార్జ్ ఆయన చేతి మీదుగా. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 సెల్ టవర్లలో 85 మా అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే పెట్టారు. అయినా ఇంట్లో సిగ్నల్ అందక దిబ్బ ఎక్కి మాట్లాడే ఊళ్లు ఇంకా ఉన్నాయి. దిబ్బ మీద మాట్లాడే మాట ఊరంతటికీ వినిపిస్తుంది. సిగ్నల్ అందిన చోట మరో చిక్కు మొదలైంది. ఫోన్ ద్వారా సాయం ఎలా వస్తుందో, నిఘా కూడా అలాగే వస్తుంది.

ఆ నిఘాకు పెద్ద చదువులు అక్కరలేదు. ఆమె వాట్సాప్‌ను మరో ఫోన్‌కో కంప్యూటర్‌కో కలిపితే ప్రతి సందేశమూ అక్కడ చదవవచ్చు. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ తెలిస్తే ఆమె తీసిన ఫొటోలు, వెతికిన మాటలు తెలుస్తాయి. గూగుల్ మ్యాప్స్‌లో ఆచూకీ పంచుకునే ఏర్పాటు తెరిచి ఉంచితే ఆమె అనంతగిరి ఘాట్ దిగుతోందో, పాడేరు బస్సెక్కిందో ఇంట్లో కూర్చుని చూడవచ్చు. కాల్ రికార్డింగ్ యాప్ ఉంటే ఆమె గొంతు కూడా ఆయనకు చేరుతుంది.

ఇవి తెలియగానే అన్నీ తీసేయాలని ఎవరికైనా తోస్తుంది. తొందరపడకూడదు. వాట్సాప్‌లో "లింక్డ్ డివైజెస్" అనే చోట చూస్తే మరెక్కడ తెరిచి ఉందో తెలుస్తుంది. కానీ దాన్ని తొలగించిన క్షణమే అవతలి మనిషికి అనుమానం వస్తుంది. కాల్ జాబితా మొత్తం ఖాళీగా కనిపించినా అంతే. హింసించే మనిషి పట్టు జారుతోందని తెలిసిన ఘడియే ఆడబిడ్డకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది. అందుచేత ఆ ఫోన్‌ను మామూలు మాటలకు మామూలుగానే వాడనివ్వాలి. సాయం కోరే మాట మాత్రం దాని దరి చేరకూడదు. అది వేరే ఫోన్ నుంచి, వేరే చోటు నుంచి సాగాలి. నమ్మకమున్న పొరుగింటామె, ఆశా కార్యకర్త, బడి పంతులమ్మ, గ్రామ సచివాలయంలోని మహిళా సంరక్షణ కార్యదర్శి వంటి వారి ఫోన్ ఇందుకు పనికివస్తుంది.

యాప్‌ల సంగతీ ఇంతే. 2020లో దిశ యాప్ వచ్చింది, 2025లో శక్తి యాప్ వచ్చింది. దారిలో వేధించే అపరిచితుడి నుంచి కాపాడుకోవడానికి ఇవి ఉపయోగపడతాయి. కానీ రోజూ సాయంత్రం ఫోన్ తెరిచి చూసే భర్త ఉన్న ఇంట్లో, తెర మీద కనిపించే ఆ గుర్తే చాడీ చెబుతుంది. దింపుకోమని చెప్పే ముందు, ఆ ఫోన్ ఎవరు చూస్తారని ఒక్క మాట అడగాలి.

సాక్ష్యం దాచడంలోనూ జాగ్రత్త కావాలి. గాయాల ఫొటోలు, బెదిరింపు సందేశాలు తేదీ, నంబరు కనబడేలా తీసి నమ్మకస్థులకు చేర్చాలి. ఆమె ఫోన్‌లో దాచిపెట్టడం ప్రమాదం. అయితే వీలున్నంతవరకు అసలు సందేశాన్ని చెరపకూడదు, ఎందుకంటే కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం అవసరమవుతుంది, అసలు ఫోన్ ఉంటే ఆ సాక్ష్యానికి బలం. ముఖ్యంగా వాట్సాప్‌లో తలాఖ్ పంపిన సందేశాలను చాలామంది ఏడుస్తూ చెరిపేస్తారు. 2019 చట్టం ప్రకారం మాటతో గానీ, రాతతో గానీ, ఎలక్ట్రానిక్ రూపంలో గానీ ఒక్కసారిగా ఇచ్చే తక్షణ తలాఖ్ చెల్లదు. భర్తను జైలుకు పంపే నిబంధన మీద మన సమాజంలో అభ్యంతరాలు ఉన్నాయి, మాకూ ఉన్నాయి. కానీ ఆ సందేశం చూసి ఆమె మూట సర్దుకుని ఇల్లు విడవనక్కరలేదన్న మాటలో అభ్యంతరమేముంది? 2005 నాటి గృహహింస చట్టం కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కును అన్ని మతాల స్త్రీలకూ ఇచ్చింది.

ఇక ఫొటోల భయం. 2021 జూలైలో "సుల్లీ డీల్స్", 2022 జనవరి 1న "బుల్లీ బాయి" పేర్లతో మన ఆడవాళ్ల ఫొటోలను వేలానికి పెట్టినట్లు చూపిన నీచత్వాన్ని ఎవరూ మరచిపోలేదు. ఆ తర్వాత ఎందరో తండ్రులు కూతుళ్ల చేతిలోని ఫోన్లు లాక్కున్నారు. ఆ తండ్రుల గుండెకోత మాకు తెలుసు. కానీ ఫోన్ లాక్కున్న చేయి, ఆమెకు సాయం అందే తోవను కూడా మూసేసింది. ఏకాంతంలో తీసిన చిత్రాలను బయటపెడతానని బెదిరించే భర్తకు ఈ భయమే ఆయుధం. అలాంటి చిత్రాన్ని అనుమతి లేకుండా పంచితే ఐటీ చట్టం కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇలాంటి వాటిపై పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి మన కూతుళ్లకు ముందుగా ఇంట్లోనే తెలియాలి.

పోలీసులంటే బెదురు ఎందుకని అడిగేవారు వాకపల్లిని గుర్తు చేసుకోవాలి. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలంలోని ఆ ఊళ్లో 11 మంది ఆదివాసీ స్త్రీలు తమపై అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు పోలీసు బలగాల మీదనే. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు లోపాలను ఎత్తి చూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. పదహారేళ్లకు దక్కింది అది. ఈ కొండల్లో పుట్టిన స్త్రీ ఠాణా పేరు వినగానే వెనకాడితే అది అజ్ఞానం కాదు, అనుభవం. అందుకే ఠాణా ఒక్కటే తలుపు కాదని చెప్పడం మన విధి. గృహహింస చట్టం కింద ఆమె రక్షణాధికారి దగ్గరికి వెళ్లవచ్చు, నేరుగా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, నంబరు 15100. హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి కబురు చేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద ఏ కేసూ నిలవదు.

అరకు, పాడేరు వంటి చోట్ల మన కుటుంబాలు కొద్ది. ఒకరి సంగతి అందరికీ తెలుస్తుంది. ఇది ఆమెకు భయమే, మనం తలచుకుంటే బలం కూడా. ప్రతి మస్జిద్ కమిటీ ఒకరిద్దరు నమ్మకమైన స్త్రీలను ఎంచి, వారికొక ఫోన్ ఇవ్వాలి. ఆ నంబరు ఆడవాళ్ల నోటి మాటగానే తిరగాలి. ఎవరైనా సాయం కోరితే మొదట అడగవలసిన ప్రశ్నలు మూడే: ఈ నంబరుకు ఫోన్ చేయవచ్చా? ఏ వేళలో? మరొకరు ఎత్తితే ఏమని చెప్పాలి? "కాఫీ గింజలు ఎండాయా?" వంటి ఒక గుర్తు మాట ముందే అనుకోవాలి. అది ఆమె నోటి నుంచి రాకపోతే మాట మార్చి పెట్టేయాలి. విన్న సంగతి మన ఇంట్లో భార్యకు గానీ, భర్తకు గానీ చెప్పకూడదు. అది అమానత్.

పవిత్ర ఖుర్‌ఆన్‌లో ఒక సూరాకు, భర్త విషయమై దైవప్రవక్త (స) ముందు మొరపెట్టుకున్న ఖౌలా (రజి) వాదనను బట్టే "అల్ ముజాదలా" అన్న పేరు వచ్చింది. ఇంటి సంగతి గడప దాటకూడదని ఆమెను ఎవరూ వెనక్కు పంపలేదు. ఆమె మొర అల్లాహ్ ఆలకించాడు.

మనవంతు ఏమిటో మాకు ఒక సోదరి తిప్పుకున్న ముఖం నేర్పింది. ఆ పాఠం మరొకరి వీపు మీద మళ్లీ నేర్చుకోవలసిన పని లేదు. ఈ నెల కమిటీ సమావేశంలో ఈ ఒక్క అంశం పెట్టండి: మన ఊళ్లో ఒక ఆడబిడ్డకు ఈ రాత్రి సాయం కావలసి వస్తే, ఆమె ఎవరి ఫోన్ అడగాలి?