మీరు ఇంట్లోనే ఉంటారు కదా మేడం

బడి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఉగ్గానికి బొరుగులు నానేసి నీళ్ళు పిండుతున్నాను. "మన సంగీతం పిల్లలు హైదరాబాదులో పాడడానికి సెలెక్ట్ అయినారు మేడం. ఆడపిల్లలు ఎక్కువ కదా, ఇద్దరు తల్లులు తోడొస్తే బాగుంటుంది. మీరెలాగూ ఇంట్లోనే ఉంటారు కదా!"

ఈ "ఇంట్లోనే ఉంటారు కదా" అనే మాట ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. బ్యాంకులో పనికి, ఆసుపత్రిలో రాత్రి కాపలాకు, పెళ్ళిళ్ళలో తాంబూలాలు సర్దడానికి, అన్నిటికీ ఇదే మాట. అయినా సరేనన్నాను. నా కూతురు తొమ్మిదో తరగతి, ఆ గుంపులో ఉంది. పైగా అన్నమయ్య పాటలు. నా పుట్టిల్లు రాజంపేట వైపు. తాళ్ళపాక పేరు చెబితే నేను కొంచెం మెత్తబడతాను.

పిల్లలు 26 మంది, అందులో 19 మంది ఆడపిల్లలు. తోడు సంగీతం సారు, ఆటల సారు, నేను, ఇంకో తల్లి. పిల్లకు 2,800 రూపాయలు కట్టించుకున్నారు. తోడొచ్చే తల్లుల దగ్గర బస్సు, భోజనం కింద 1,500. మీరు సరిగ్గానే చదివారు. పని చేయడానికి పోయినందుకు నేనే డబ్బు కట్టాను. కట్టేటప్పుడు నోరు మెదపలేదు, ఆ తప్పు నాది.

బయల్దేరింది రాత్రి పన్నెండున్నరకు. కర్నూలు నుంచి హైదరాబాదు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఉంది, పగటి బస్సులు కావలసినన్ని ఉన్నాయి. మరి అర్ధరాత్రి ఎందుకు? రాత్రి పోయి, పగలు పాడి, మళ్ళీ రాత్రికే తిరిగొస్తే గది అద్దె మిగులుతుంది. అంతే, ఇంకో కారణం లేదు. నేను అడిగాను కూడా. "అందరూ రాత్రే పోతారు మేడం" అన్నారు.

అందరూ రాత్రే పోతారు, నిజమే. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున మా కర్నూలు పక్కనే చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు కాలిపోయినప్పుడు అందులో నిద్రపోతున్నవాళ్ళు కూడా అట్లా రాత్రి బయల్దేరినవాళ్ళే. మా ప్రయాణం నాటికి ఆ ఘోరం జరిగి రెండు నెలలు నిండలేదు. 2013 అక్టోబరు 30న ఇదే హైవే మీద పాలెం దగ్గర 45 మంది కాలిపోయారు. మా బస్సు పాలెం దాటేటప్పుడు పిల్లలంతా ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతున్నారు. నేను లేచి వెనక అత్యవసర ద్వారం తెరుచుకుంటుందో లేదో చూద్దామని పోయాను. దానికి అడ్డంగా హార్మోనియం పెట్టె, తబలాలు, అట్టపెట్టెల్లో నీళ్ళ సీసాలు. ఆటల సారును లేపి ఇద్దరం కలిసి ఆ సామాను సీట్ల కిందికి తోశాం. నాకు పిచ్చి అనుకున్నాడేమో పాపం. అనుకోనీ.

తిరుగు ప్రయాణంలో డ్రైవరు మళ్ళీ అతనే. పగలు ఎప్పుడు నిద్రపోయినావు నాయనా అంటే, పార్కింగులో బస్సులోనే రెండు గంటలు కునుకు తీశానక్కా అన్నాడు. అతని తప్పేముంది? 26 మంది పిల్లల ప్రాణాలు రెండు గంటల కునుకు మీద పెట్టిన లెక్క ఎవరు వేశారో వాళ్ళను అడగాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ పిల్ల ఎవరో తెలియకుండా రాస్తున్నాను, ఒకటి రెండు వివరాలు మార్చాను.

జడ్చర్ల దాటాక ఒక దాబా దగ్గర ఆపారు. పిల్లలు దిగుతున్నారు. ఒక పిల్ల మాత్రం సీట్లోంచి లేవలేదు. దగ్గరికి పోతే చున్నీ ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది. "ఆంటీ, నాకేదో అయింది." మొదటిసారి. ఆ అర్ధరాత్రి, హైవే మీద, ముప్పై మంది ఉన్న బస్సులో. ఆ దాబాలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ లేదు, దీపం లేదు. నేను ఫోన్ లైటు పట్టుకుని తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. నా సంచిలో ప్యాడ్లున్నాయి, నా కూతురి లంగా ఒకటి ఉంది. బడివాళ్ళు ఇచ్చిన సామాను జాబితాలో పట్టుపరికిణీ రంగు, గాజుల రంగు, బొట్టు సైజు కూడా ఉన్నాయి. ప్యాడ్లు లేవు. 13, 14 ఏళ్ళ ఆడపిల్లలు 19 మందిని రెండు రాత్రులు రోడ్డు మీద తిప్పుతూ ఆ ఒక్క మాట రాయలేకపోయారు. రాసిన చేతికి సిగ్గు.

ఆ పిల్ల ఏడుస్తూ అడిగింది ఒకటే. "మా అమ్మకు చెప్పొద్దు ఆంటీ. చెప్తే ఇంకోసారి ఎక్కడికీ పంపరు."

పొద్దున సంగీతం సారుకు విషయం చెప్పాల్సి వచ్చింది, పిల్ల నీరసంగా ఉందని. ఆయన మంచివాడే. పిల్లలను పేరుపేరునా పలకరిస్తాడు, ఎవరినీ కసరడు. కానీ ఆయన నోట వచ్చిన మొదటి మాట, "దేవుడి పాటలు కదమ్మా, ఈసారికి పక్కన కూర్చోబెడదామా?" నాకు ఒళ్ళు మండింది. మూడు నెలలు రోజూ బడి అయ్యాక గంటసేపు సాధన చేసిన పిల్ల. తాళ్ళపాక అన్నమాచార్యుడు అలమేలుమంగ మీద ఎన్ని శృంగార సంకీర్తనలు రాశాడో నేను డిగ్రీలో చదివాను. ఆడదాని ఒళ్ళంటే అంటరానిదనుకున్నవాడు అన్ని పాటలు కట్టలేడు. సారుతో అంత పొడుగు మాట్లాడలేదు లెండి. "పాడుతుంది సార్, రెండో వరసలో నా కూతురి పక్కన" అన్నాను. నేను తోడు రాకపోయుంటే ఆ పిల్ల ఆ రోజంతా కుర్చీలో కూర్చుని ఉండేది, ఇంటికి పోయి ఎవరికీ చెప్పేది కాదు.

తిరిగొచ్చాక బడి గేటు దగ్గర వాళ్ళమ్మకు నేనే చెప్పాను. దాచడం నా పని కాదు. చెప్పాక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత అడిగింది, "పాడిందా వదినా?" పాడిందన్నాను. "అయితే సరే" అని పిల్లను స్కూటీ ఎక్కించుకుని పోయింది. ఆ పిల్ల భయపడిన అమ్మ ఈమేనా అనిపించింది నాకు.

ఇక కార్యక్రమం. ఉదయం ఎనిమిదికి రమ్మన్నారు, వేదిక ఎక్కింది మధ్యాహ్నం మూడున్నరకు. పాడింది ఎనిమిది నిమిషాలు. మధ్యలో ముఖ్య అతిథులకు శాలువాలు, పూలదండలు. పిల్లలు మొహానికి రంగులు పూసుకుని, తలనిండా కనకాంబరాలతో, నేను కట్టుకుపోయిన చిత్రాన్నం మెట్ల మీద కూర్చుని తిన్నారు. నిర్వాహకుల భోజనం టోకెన్లు అతిథులకే సరిపోయాయి. చివర్లో అందరికీ ఒక సర్టిఫికెట్, ఏదో రికార్డు అని. 2008 మే 10న సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌లో సిలికానాంధ్ర వాళ్ళు లక్షన్నర మందికి పైగా జనంతో అన్నమయ్య పాటలు పాడించి గిన్నిస్‌కెక్కారు. అది అన్నమయ్య పుట్టి ఆరొందల ఏళ్ళయిన సందర్భం, దానికో అర్థముంది. ఆ తర్వాత ఈ రికార్డు పిచ్చి ఊరూరా అంటుకుంది. ఇప్పుడు పాట ఎట్లా పాడారని అడిగేవాళ్ళు లేరు, ఎంతమంది పాడారని అడుగుతారు.

వ్యాఖ్యాత అన్నమయ్య గురించి చాలానే చెప్పింది. ఆయన భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసిందని, తెలుగులో తొలి కవయిత్రి అంటారని ఒక్క ముక్క చెప్పలేదు. మా బీఏలో కూడా తిమ్మక్క ఒక మార్కు ప్రశ్నే. అదొక పాత కోపం, ఇక్కడ బయటపడింది.

ఇంకొకటి. ఆ గుంపులో అందరికన్నా బాగా పాడే పిల్ల రాలేదు. వాళ్ళ నాన్న బేతంచెర్ల బండలు పరిచే మేస్త్రి. 2,800 ఒక్కసారిగా కట్టలేనన్నాడట. బడి గోడకు ఇప్పుడు వేలాడుతున్న నిలువెత్తు ఫ్లెక్సీకి అంతకన్నా ఎక్కువే అయివుంటుంది. ఫ్లెక్సీలో పిల్లల మొహాలకన్నా యాజమాన్యం మొహాలు పెద్దవి.

ఇదంతా మా వీధిలో చెబితే ఏమన్నారో తెలుసా? "అందుకే చెప్పేది, ఆడపిల్లలను అంత దూరం పంపకూడదు." అక్కల్లారా, నా గొడవ బడితో ఎంత ఉందో ఈ మాటతో అంతకు రెండింతలుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువ డ్యాం నీళ్ళు వదిలారు, హెచ్చరించే దిక్కు లేదు. వాళ్ళలో ఎక్కువమంది మగపిల్లలు. ఆ తర్వాత మగపిల్లలను విహారయాత్రలకు పంపకూడదని ఏ ఇంట్లోనైనా అన్నారా? అనరు, అనకూడదు కూడా. నీళ్ళకూ నిప్పుకూ ఆడా మగా తెలియదు. ఏర్పాటు చేసినవాళ్ళ పొదుపే ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ తప్పుకు శిక్ష మాత్రం మన ఆడపిల్లలకు వేస్తున్నాం, ఇంట్లో కూర్చోమని.

నా కూతురు ఆ వేదిక మీద నుంచి దిగి "అమ్మా, అంత పెద్ద హాల్లో నా గొంతు నాకే వినపడిందే" అంది. కర్నూలులో అట్లాంటి హాలు ఎక్కడుంది? 1953 నుంచి 1956 దాకా రాజధానిగా వెలిగిన ఊరు మనది. ఈ రోజు 26 మంది పిల్లలు మంచి మైకులో పాడాలంటే అర్ధరాత్రి బస్సెక్కాలి. తాళ్ళపాక దారిలో 108 అడుగుల అన్నమయ్య విగ్రహం నిలబెట్టుకున్నాం. ఆ చుట్టుపక్కల బడుల్లో ఎన్నింటికి సంగీతం టీచరు ఉన్నారో ఎవరైనా లెక్కేస్తే బాగుండు. కాబట్టి పిల్లలు పోవాలి, ఇంకా ఎక్కువ పోవాలి. మనం పోకుండా ఆపేవాళ్ళం కాకూడదు, ఎట్లా తీసుకుపోతారని నిలదీసేవాళ్ళం కావాలి.

తోడు పోయే తల్లికి పేరు ఆంటీ. అధికారం సున్నా. రెండు రాత్రులు నిద్ర లేదు, నలుగురి వాంతులు తుడిచాను, పదకొండు మందికి జడలేశాను, ఒక పిల్ల జ్వరానికి మందుల దుకాణం వెతికాను. బస్సు ఎప్పుడు బయల్దేరాలో చెప్పే హక్కు మాత్రం నాకు లేదు. అదే ఒక నర్సమ్మను పిలిచి ఈ పని చేయమంటే రోజుకింత అని అడుగుతుంది, అడగాలి కూడా. మనకు మాత్రం "మీరు ఇంట్లోనే ఉంటారు కదా".

మొన్న మళ్ళీ చీటీ పంపారు, ఫిబ్రవరిలో విజయవాడ అని. "తోడు రాగల తల్లులు సంతకం చేయగలరు." నేను సంతకం చేశాను. చేసి, చీటీ వెనక రాశాను. పగటి ప్రయాణం, లేకపోతే రైలు. ఇద్దరు డ్రైవర్లు. గడియ ఉన్న మరుగుదొడ్డి ఎక్కడెక్కడుందో ముందే చూసిరావాలి. సామాను జాబితాలో మొదటి వరసలో ప్యాడ్లు. తోడొచ్చే తల్లుల దగ్గర పైసా తీసుకోకూడదు. బేతంచెర్ల మేస్త్రి కూతురి డబ్బు ఫ్లెక్సీ ఖర్చులోంచి కట్టాలి. ఇంకో తల్లికి చూపిస్తే ఆమె కూడా కింద సంతకం పెట్టింది. సాయంత్రానికి ఏడుగురమయ్యాం. చీటీ సోమవారం బడికి పోతుంది.