లెక్కల మాస్టారి గొంతు

నల్లమాడ టీ హోటల్లో ఓ మధ్యాహ్నం టీవీలో ‘ప్రేమించుకుందాం రా’ వస్తోంది. నటుడు జయప్రకాశ్ రెడ్డి కనబడగానే పక్కబల్ల మీది పెద్దాయన గ్లాసు కిందపెట్టి, "మన మాట మాదిరే ఉండాది గానీ, ఇది కర్నూలోళ్లదప్పా. మనం ఇంత గట్టిగా మాట్లాడేదెప్పుడు?" అన్నాడు. చెనిక్కాయ కట్టె దుమ్ము ఇంకా ఆయన చొక్కాను వదల్లేదు.

తేడా బాగా పట్టాడు. జయప్రకాశ్ రెడ్డి 1946లో కర్నూలు జిల్లా సిరివెళ్ల ప్రాంతంలో పుట్టారు, గుంటూరులో లెక్కలు చెప్పారు. నాటకాల మీదుగా 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో సినిమాల్లోకొచ్చారు. కొన్నేళ్లు వేషాలు వేసి, ఇల్లు గడవక మళ్లీ సుద్దముక్క పట్టుకున్నారు. నివాళి వ్యాసాలు ఒక్క వాక్యంలో దాటేసే ఘట్టం ఇదే. సహాయ నటుడి బతుకు మన మెట్టసేద్యం లాంటిది. పిలుపొస్తే పంట, లేకుంటే బీడు. ఆయన పొలంలో వాన 1997లో, ‘ప్రేమించుకుందాం రా’తో పడింది.

ఆ గొంతులో అరుపు కన్నా ఆపు గొప్పది. మాట చివర ఒక్క క్షణం నిలిచి, కళ్లు పెద్దవి చేసి, అప్పుడు తేల్చేవారు. బోర్డు మీద లెక్క వేసి, జవాబు కోసం క్లాసు వైపు తిరిగే మాస్టారి అలవాటేమో! ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001) విరగబడి ఆడాక తెర మీద రాయలసీమంటే ఆ గొంతే అయింది.

పేచీ ఆయనతో కాదు, రాసినవాళ్లతో. వాళ్లకు సీమంటే సుమోలు, బాంబులు. అరకొర వాన, ఎండిన బోర్లు, బెంగళూరు బస్సెక్కిన కుర్రోళ్లు వాళ్ల కలానికి తగల్లేదు. చెనిక్కాయ రైతు వేషం ఒక్కటి ఆయనకు రాసి ఉంటే ఆ ఆపు ఎక్కడ పడేదో! తర్వాత సినిమా వాళ్లు అదే యాసను నవ్వులాటకు వాడుకున్నారు. అందులోనూ ఆయన ‘రెడీ’ (2008)తో నెగ్గుకొచ్చారు. కానీ ఆయన్ని పూర్తిగా చూడాలంటే ‘అలెగ్జాండర్’ నాటకమే. సుమారు వంద నిమిషాలు వేదిక మీద ఒక్కరే.

2020 సెప్టెంబరు 8న గుంటూరులో గుండెపోటుతో పోయారు.

"ఆయప్ప పోయినాడంట గదా?" అని అడిగాడు పెద్దాయన. అవునన్నాం. టీవీ వైపు ఇంకోసారి చూసి, చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, కదిరి బస్సుకు లేచాడు.