హంతకుడి మనసు సరే, లెక్క ఎవరు చూశారు?

సొంత రోగుల్నే చంపిన డాక్టరు హెరాల్డ్ షిప్‌మన్ ఇంగ్లండ్‌లోని వేక్‌ఫీల్డ్ జైలు గదిలో ఉరేసుకుని ఇరవై ఏళ్లు దాటిపోయింది. అతని మనసుకు మాత్రం ఇంకా పోస్టుమార్టం జరుగుతూనే ఉంది. పుస్తకాలు అయ్యాయి, డాక్యుమెంటరీలు అయ్యాయి, ఇప్పుడు పాడ్‌కాస్టుల వంతు. మన యూట్యూబ్ ఛానళ్లకు కూడా ఈ ఇంగ్లిష్ డాక్టరు దొరికాడు. తెర మీద ఎర్ర అక్షరాల్లో 'సైకో', వెనక దడపుట్టించే సంగీతం, చివర్లో ఓ నిపుణుడొచ్చి తల్లి మరణం గురించి పది నిమిషాలు చెబుతాడు. చూసినవాళ్లు అమ్మో అనుకుని పడుకుంటారు. గంటసేపు సాగిన కార్యక్రమంలో రెండు అంకెలు మాత్రం ఎవరి నోటా రావు. పదహారు, పద్నాలుగు. వాటి సంగతికి వస్తాను. ముందు ఆ మనసు సంగతి తేల్చేద్దాం. ఎక్కువసేపు పట్టదు.

తల్లి కథ అందరికీ తెలిసిందే. 1963లో షిప్‌మన్‌కు పదిహేడేళ్లప్పుడు తల్లి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది. డాక్టరు ఇంటికొచ్చి మార్ఫిన్ ఇస్తే ఆమె బాధ తగ్గడం ఆ కుర్రాడు పక్కనుండి చూశాడు. ఆ దృశ్యాన్నే జీవితాంతం మళ్లీ మళ్లీ ఆడాడని సిద్ధాంతం. కథగా బాగుంది. కానీ అలా తల్లిని పోగొట్టుకున్న పిల్లలు ఆ దేశంలో వేలల్లో ఉంటారు, వాళ్లెవరూ సూది పట్టుకుని ఇళ్లమీద పడలేదు. అదీకాక, ప్రభుత్వ విచారణ సంఘం హతులుగా తేల్చిన 215 మందిలో 171 మంది ఆడవాళ్లయితే 44 మంది మగవాళ్లు. నలభై ఒక్కేళ్ల మగమనిషి కూడా ఆ జాబితాలో ఉన్నాడు. అతనిలో ఏ తల్లి కనిపించిందో నిపుణులే చెప్పాలి.

రెండో సిద్ధాంతం అధికారదాహం. ప్రాణం పోయడం, తీయడం తన చేతిలోనే ఉందన్న మదం. ప్రెస్టన్ కోర్టులో ప్రాసిక్యూషన్ కూడా ఈ దారే పట్టింది. మూడోది వ్యసనం. పెథిడిన్ అనే మత్తుమందుకు బానిసైనవాడు తర్వాత చంపడానికి బానిసయ్యాడట. నాలుగోది డబ్బు. చివరి హత్యలో వీలునామా ఫోర్జరీ చేశాడు కదా అంటారు. మరి అంతకుముందు పోయిన రెండు వందల పైచిలుకు మందికి వీలునామాలేవీ? అయిదోది మరీ విడ్డూరం. దొరికిపోవాలనే కోరికతో అంత మొరటుగా ఫోర్జరీ చేశాడట! తాను అందరికన్నా తెలివైనవాణ్ణని నమ్మినవాడు మొరటు పని చేస్తే అది లోపలి పశ్చాత్తాపమే కావాలా, పొగరు కాకూడదా?

షిప్‌మన్ ఒక్క హత్యా ఒప్పుకోలేదు. మనసు విప్పి ఎవరితోనూ మాట్లాడలేదు. 2004 జనవరిలో, యాభై ఎనిమిదో పుట్టినరోజుకు ఒకరోజు ముందు, ఆ తలుపును శాశ్వతంగా మూసేసి పోయాడు. బ్రిటన్ ప్రభుత్వం వేసిన విచారణకు అధ్యక్షత వహించిన జడ్జి డేమ్ జానెట్ స్మిత్ మానసిక వైద్యుల్ని పిలిపించి, వేల పేజీల సాక్ష్యం చదివి కూడా, ఎందుకు చంపాడో తేల్చలేకపోయారు. ఆ మాట నిజాయితీగా నివేదికలోనే రాశారు. ఏళ్ల తరబడి కాగితాలు తిరగేసిన ఆమె చేతులెత్తేసిన చోట మన స్టూడియో నిపుణులు పది నిమిషాల్లో రోగం పేరు చెప్పేస్తున్నారు.

ఇప్పుడు ఆ రెండు అంకెలు.

1998 మార్చి. మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే చిన్న ఊరు. మార్కెట్ స్ట్రీట్‌లో షిప్‌మన్ ఒంటరిగా నడిపే క్లినిక్. దానికెదురుగా అయిదారుగురు డాక్టర్లున్న ఇంకో క్లినిక్. ఇంగ్లండ్‌లో అప్పుడు శవదహనానికి ఇద్దరు డాక్టర్ల సంతకాలు కావాలి. చూసిన డాక్టరుది ఒకటి, సంబంధంలేని డాక్టరుది రెండోది. షిప్‌మన్ కాగితాల మీద రెండో సంతకం పెట్టేది ఎదురు క్లినిక్కువాళ్లే. అక్కడ పనిచేసే డాక్టర్ లిండా రెనాల్డ్స్‌కు ఒకరోజు అనుమానమొచ్చి లెక్క వేసింది. మూడు నెలల్లో షిప్‌మన్ తమ దగ్గరికి పంపిన దహనం కాగితాలు పదహారు. అదే మూడు నెలల్లో తమ క్లినిక్కులో మొత్తం మరణాలు పద్నాలుగు. షిప్‌మన్ రోగులు మూడు వేల పైచిలుకు. వీళ్ల రోగులు దాదాపు తొమ్మిదిన్నర వేలు.

మూడోవంతు రోగులున్న చోట మరణాలు ఎక్కువ. అవీ దహనం చేసినవే, పూడ్చిపెట్టినవి లెక్కలో లేవు. దీనికి మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదు. పచారీ కొట్టు పద్దు రాయడం వచ్చినవాడికైనా అర్థమయ్యే లెక్క. ఆమె ఊరుకోలేదు, మరణ కారణాలు విచారించే కరోనర్‌కు చెప్పింది. ఆయన పోలీసులకు చెప్పాడు. పోలీసులు 'విచారించారు'. ఆ డాక్టరు మీద పాత కేసేమైనా ఉందా అని తమ సొంత రికార్డు కూడా చూడలేదు. ఉంది. 1976లో పెథిడిన్ కోసం దొంగ ప్రిస్క్రిప్షన్లు రాసి శిక్షపడినవాడే షిప్‌మన్. కోర్టు ఆరు వందల పౌండ్లు జరిమానా వేస్తే, వైద్య మండలి హెచ్చరిక ఉత్తరంతో సరిపెట్టి, లైసెన్సు ఉంచేసింది. ఏప్రిల్ మధ్యలో పోలీసులు ఫైలు మూసేశారు.

ఆ తర్వాత మే 11న ఒకామె, జూన్ 12న ఇంకొకామె, జూన్ 24న మరొకామె పోయారు. పదహారు, పద్నాలుగు పోలీసుల చేతికి అందాక పోయిన ముగ్గురు వీళ్లు. సరిగ్గా విచారించి ఉంటే వీళ్లు బతికేవాళ్లేనని జానెట్ స్మిత్ నివేదిక దాదాపు సూటిగానే అంది. ఈ ముగ్గురి పేర్లు షిప్‌మన్ తల్లి గురించి మాట్లాడే ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

లిండా రెనాల్డ్స్ ఒక్కతే కాదు. ఊళ్లో అంత్యక్రియల ఏర్పాట్లు వృత్తిగా చేసే కుటుంబానికి ముందే అనుమానం వచ్చింది. ఈ డాక్టరు రోగులు మంచంలో కాక కుర్చీలో, శుభ్రంగా బట్టలు కట్టుకుని కూర్చున్నట్టే చనిపోతున్నారేమిటని. ముసలమ్మల్ని ఆసుపత్రులకు తిప్పే ఒక టాక్సీ డ్రైవరుకూ వచ్చింది. తన బేరాలు ఒక్కొక్కటే పోతుంటే పేర్లు రాసి పెట్టుకున్నాడు. ఇరవై దాటాయి. చెబితే ఎవరు నమ్ముతారని చాన్నాళ్లు గమ్మునున్నాడు. డాక్టరు మీద టాక్సీవాడి మాట! మన ఊళ్లోనైనా అంతేగా.

చివరికి దొరికింది కూడా మనసు చదివి కాదు. జూన్ 24న పోయిన ఎనభై ఒక్కేళ్ల ఆమె కూతురు లాయరు. తల్లి ఆస్తిపాస్తులు చూసేది ఆమే. మూడు లక్షల ఎనభై ఆరు వేల పౌండ్ల ఆస్తి డాక్టరుకు రాసినట్టు, టైపు కూడా సరిగ్గా కొట్టని వీలునామా ఒకటి బయటికి రాగానే ఆమెకు వెలిగింది. మృతదేహాన్ని బయటికి తీస్తే డయామార్ఫిన్ అనే మత్తుమందు కనిపించింది. మరణ ధ్రువపత్రంలో కారణం గడిలో షిప్‌మన్ రాసింది ఒక్క మాట: వృద్ధాప్యం. ఆ కూతురు లాయరు కాకపోయి ఉంటే? అతను ఆ వీలునామా జోలికి పోకుండా ఉంటే? 215 దగ్గర ఆగేదా?

రెండో సంతకం గురించి కాస్త చెప్పాలి. అది కాగితం మీద అద్భుతమైన ఏర్పాటు. ఒకడు తప్పు చేస్తే ఇంకొకడు పట్టుకుంటాడు. వాస్తవంలో రెండో డాక్టరు మొదటి డాక్టరుకు ఫోన్ చేసి, శవాన్ని ఓసారి చూసి, సంతకం పెట్టి ఫీజు తీసుకునేవాడు. ఆ దేశపు డాక్టర్లే దానికి 'బూడిద డబ్బు' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. కుటుంబాన్ని అడగడం లేదు, పాత రికార్డు చూడడం లేదు, పోయిన నెల ఇదే డాక్టరు ఎన్ని పంపాడో లెక్కపెట్టడం అసలే లేదు. పెద్దమనిషి మాట పెద్దమనిషి నమ్మాలి కదా. షిప్‌మన్ మదం గురించి మాట్లాడేవాళ్లు ఈ మర్యాద గురించి కూడా ఓ ముక్క మాట్లాడితే బాగుండేది. ఏ మనోవికారమైనా ఇరవై మూడేళ్లు పనిచేయాలంటే చుట్టూ ఇంత మర్యాద ఉండాలి.

అంకెలే సర్వస్వమా అని అడుగుతారు. అడగాల్సిందే. నెదర్లాండ్స్‌లో లూసియా డి బెర్క్ అనే నర్సును ఆమె డ్యూటీలో జరిగిన మరణాల లెక్క చూపించి 2003లో యావజ్జీవ శిక్షకు పంపారు. కాకతాళీయంగా అలా జరిగే అవకాశం ముప్పై నాలుగు కోట్లలో ఒక వంతేనన్నారు. ఆ లెక్క తప్పని తేలి 2010లో ఆమెను నిర్దోషిగా ప్రకటించారు. అయితే ఆ కేసులో లెక్కకు తోడు వచ్చిందేమిటో కూడా గుర్తుచేసుకోవాలి. ఆమె డైరీలో 'ఆపుకోలేని కోరిక' అని రాసుకున్న మాట పట్టుకుని హంతకురాలి మనస్తత్వం అల్లారు. అది రోగులకు టారో కార్డులతో జోస్యం చెప్పే అలవాటు గురించి అని ఆమె మొత్తుకుంటే వినలేదు. అంకెలు శిక్ష వేయడానికి కావు, తలుపు తట్టడానికి. పదహారు, పద్నాలుగు చూసి ఎవరూ షిప్‌మన్‌ను ఉరితీయమనలేదు. రెండు దేహాలకు పోస్టుమార్టం చేయించమన్నంతే. మనస్తత్వ విశ్లేషణకు అలాంటి తలుపు కూడా లేదు. దోషి మీద వేస్తే కాలక్షేపం, నిర్దోషి మీద వేస్తే సంకెళ్లు.

ఇంగ్లండ్ నేర్చుకుందా అంటే, నేర్చుకుంది, తీరిగ్గా. కరోనర్ దగ్గరికి వెళ్లని ప్రతి మరణాన్నీ సంబంధం లేని వైద్య పరీక్షాధికారి చూడాలన్న నిబంధన చట్టబద్ధంగా అమల్లోకి వచ్చింది 2024 సెప్టెంబరు 9న. షిప్‌మన్‌కు శిక్ష పడింది 2000 జనవరి 31న. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. ఈ ఇరవై నాలుగేళ్లూ టీవీలో షిప్‌మన్ తల్లి చస్తూనే ఉంది.

వాళ్ల సంగతి మనకెందుకు అనేవారికి: మన దగ్గర పదహారు, పద్నాలుగు లెక్కపెట్టడానికి పద్దే లేదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో కారణాన్ని వైద్యుడు ధ్రువీకరించినవి 22.5 శాతం. మిగతావాళ్లు ఎందుకు పోయారంటే పంచాయతీ పుస్తకంలో ఏం రాస్తే అదే. కర్ణాటకలో మోహన్ కుమార్ అనే బడిపంతులు కట్నం లేకుండా పెళ్లాడతానని పేదింటి ఆడపిల్లల్ని వెంటబెట్టుకెళ్లి, గర్భం రాకుండా మాత్ర అని చెప్పి సైనైడ్ మింగించాడు. ఇరవై మంది. ఒక్కో ఊరి బస్టాండు మరుగుదొడ్డిలో, లోపల గడియ పెట్టుకుని, పెళ్లికూతురిలా ముస్తాబైన శవం. ఒక్కోదాన్ని ఒక్కో అనుమానాస్పద మృతిగా రాసి కట్ట కట్టేశారు. పక్క ఊరి కట్ట విప్పి చూసినవాడు లేక 2003 నుంచి 2009 దాకా నడిచింది. 'సైనైడ్ మోహన్' అని ముద్దుపేరు పెట్టడానికి మాత్రం ఆలస్యం చేయలేదు.

మన ఏలూరు సంగతీ మరిచిపోలేదు కదా. 2019 నవంబరులో పోలీసులు ఒకణ్ణి పట్టుకుని, ప్రసాదంలో సైనైడ్ పెట్టి ఇరవై నెలల్లో పది మందిని చంపాడని చెప్పారు. నేరం రుజువు చేయాల్సింది కోర్టు. కానీ పోలీసులు చెప్పిన దాన్నే తీసుకున్నా, పోయినవాళ్ల కుటుంబాల్లో చాలామంది గుండెపోటే అనుకున్నారు. చివరి మరణంలో బంగారం, నగదు కనిపించకపోవడం వల్లే కదిలింది. మళ్లీ అదే. వీలునామా, లేకపోతే బంగారం. ఆస్తి పోతే కదులుతాం, మనిషి పోతే వయసయింది అనుకుంటాం. ఆ వారం మన ఛానళ్లలో జరిగిన చర్చ ఏమిటి? అతను మూఢనమ్మకాలను ఎలా వాడుకున్నాడు, అతని కళ్లలో ఏముంది, చిన్నప్పుడు ఎలా ఉండేవాడు. మూడు జిల్లాల్లో పది మరణాలు ఎవరి పుస్తకంలో ఎలా నమోదయ్యాయని ఒక్క తాసిల్దారునైనా, ఒక్క రిజిస్ట్రారునైనా కూర్చోబెట్టి అడిగారా?

2023లో జనన మరణాల నమోదు చట్టం సవరించి, మరణ కారణం ధ్రువీకరించే బాధ్యతను ఆసుపత్రుల మీద, వైద్యం చేసిన డాక్టరు మీద పెట్టారు. దాన్ని పెద్ద సంస్కరణగా చెప్పుకుంటున్నారు. వైద్యం చేసిన డాక్టరు సంతకమే కావాలంటే షిప్‌మన్‌కు మించిన క్రమశిక్షణ గల డాక్టరు ఎవరు? ప్రతి మరణానికీ నీటుగా కారణం రాసిచ్చాడు. చంపినరోజే కంప్యూటరు ముందు కూర్చుని, లేని జబ్బును పాత తేదీలతో ఎక్కించి మరీ రాసిచ్చాడు. ఆ సంతకాలను లెక్కపెట్టేదెవరు, ఈ డాక్టరు దగ్గర ఈ నెల ఎందరు, పక్క డాక్టరు దగ్గర ఎందరు అని పక్కపక్కన పెట్టి చూసేదెవరు? ఏ జిల్లాలో ఏ అధికారికి ఆ పని అప్పగించారో ప్రభుత్వం చెప్పాలి. చెప్పలేకపోతే, రేపు ఇంకో ఊళ్లో ఇంకో పది మంది పోయాక, స్టూడియోకు మానసిక నిపుణుడికి బదులు ఆ శాఖ కార్యదర్శిని పిలవండి. చేతికి ఓ కాగితం ఇచ్చి, 'వృద్ధాప్యం' అని రాసి ఉన్న గడిని పైకి చదవమనండి.