నోటరీ ముద్ర: సంతకందారు ఎవరో తేలితేనే విలువ

స్థిరాస్తి మోసాల్లో తరచూ కనిపించే పద్ధతి ఒకటుంది. యజమాని ఎక్కడో దూరాన ఉంటారు. ఆయన పేరు చెప్పుకొని మరొకరు నోటరీ ముందు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీపై సంతకం చేస్తారు. స్టాంపు కాగితం, ముద్ర, నోటరీ సంతకం అన్నీ అసలైనవే. మనిషి ఒక్కరే నకిలీ. ఈ మోసాన్ని ఆరంభంలోనే ఆపగల స్థానం నోటరీది. ఆపే విధానాన్ని మాత్రం చట్టం చాలావరకు ఆయన విచక్షణకే వదిలేసింది.

పత్రాలపై సంతకాలను సరిచూసి ధ్రువీకరించే అధికారాన్ని 1952 నాటి నోటరీల చట్టం 8వ సెక్షన్ కల్పించింది. 1956 నాటి నియమావళి ప్రకారం ప్రతి ధ్రువీకరణనూ సంతకందారు పేరు, చిరునామాతో సహా రిజిస్టరులో నమోదు చేయాలి. గుర్తింపును ఏయే ఆధారాలతో, ఎలా పరిశీలించాలో అంత వివరంగా నిర్దేశించలేదు.

సుప్రీంకోర్టు 1970లోనే జుగ్‌రాజ్ సింగ్ కేసులో ఈ అంశంపై స్పష్టత ఇచ్చింది. అమెరికాలో రాసిన ఒక పవర్ ఆఫ్ అటార్నీపై నోటరీ సంతకం ఉన్నా, సంతకందారు గుర్తింపుపై ఆయన సంతృప్తి చెందినట్లు అందులో కనిపించలేదు. ఆ లోపాన్ని సరిదిద్దిన తర్వాతి పత్రాన్నే కోర్టు ఆమోదించింది. సాక్షిగా సంతకం చేయడం వేరు, వ్యక్తిని నిర్ధారించుకొని ధ్రువీకరించడం వేరు అన్నది ఆ తీర్పు సారాంశం. వాడుకలో రెండింటినీ ‘నోటరీ చేయించడం’ అనే అంటున్నాం. మోసగాళ్లకు అనుకూలిస్తున్నది ఈ కలగలుపే.

భారతీయ సాక్ష్య అధినియమం 84వ సెక్షన్ ప్రకారం, నోటరీ ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ సక్రమంగానే అమలైందని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకునే భారం అసలు యజమానిపై పడుతుంది. ఆయన నోటరీపై నేరుగా క్రిమినల్ కేసు వేయడమూ సులభం కాదు. విధి నిర్వహణ పేరుతో నోటరీ చేసిన నేరాన్ని, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు విచారణకు స్వీకరిస్తుందని 13వ సెక్షన్ చెబుతోంది.

రిజిస్ట్రేషన్ చట్టం 32ఎ సెక్షన్ ఫొటోలు, వేలిముద్రలను తప్పనిసరి చేసింది. భారత్‌లో నివసించేవారు తమ తరఫున పత్రాన్ని రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేసే అధికారాన్ని మరొకరికి ఇవ్వాలంటే, 33వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రార్ లేదా సబ్ రిజిస్ట్రార్ ధ్రువీకరణ అవసరం. విదేశాల్లో ఉన్నవారికి అక్కడి నోటరీ లేదా భారత కాన్సుల్ ధ్రువీకరణ సరిపోతుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ స్వగ్రామంలోని ఆస్తి వ్యవహారాలను బంధువులకు అప్పగించే తెలుగువారు ఈ తేడాను గమనించాలి.

నోటరీ పాటించదగిన జాగ్రత్తలు ఖరీదైనవేమీ కావు. జిరాక్స్ కాపీతో సరిపెట్టుకోకుండా అసలు గుర్తింపు పత్రాన్ని చూడాలి. ఆధార్‌పై ఉన్న క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి పేరు, ఫొటో పోల్చుకోవాలి. పత్రంలో ఏముందో సంతకందారు నోటనే చెప్పించాలి. రిజిస్టరులో సంతకంతో పాటు వేలిముద్ర తీసుకోవాలి. మనిషి ఎదుట లేకుండా కాగితం మాత్రమే వస్తే వెనక్కి పంపాలి. వీటిని నియమావళిలోనే చేర్చితే నిజాయితీగా పనిచేసే నోటరీలకూ రక్షణ ఉంటుంది. లేకుంటే వారి నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది, ఆ గదిలో అడుగే పెట్టని అసలు యజమాని.