తోలుబొమ్మ గోడకెక్కింది, ఆట ఏదీ?

మన సభ్యుల ఇళ్ళలో చాలా చోట్ల తోలుబొమ్మ కనిపిస్తుంది. ఒకరింట్లో అద్దాల చట్రంలో హనుమంతుడు, మరొకరింట్లో దీపం చుట్టూ దశావతారాలు. ఇండియా వెళ్ళినప్పుడు లేపాక్షి దుకాణంలో కొని, సూట్‌కేసులో చీరల మడతల మధ్య పెట్టి జాగ్రత్తగా తెచ్చుకున్నవే అన్నీ. వచ్చిన అమెరికా స్నేహితులకి "ఇది మా ప్రాంతపు కళ" అని చూపిస్తాం. ఆ తర్వాత వాళ్ళు ఇంకో ప్రశ్న అడిగితే మాత్రం మనలో చాలామందిమి కాఫీ తేవడానికి లేస్తాం. అందుకే ఈ నెల ఈ శీర్షికలో ఆ బొమ్మల సంగతి చెప్పాలనుకున్నాం.

ఇప్పుడు దుకాణాలకి వచ్చే బొమ్మల్లో చాలా భాగం నిమ్మలకుంటవి. ధర్మవరం దగ్గరి చిన్న ఊరు. మనం అనంతపురం జిల్లా అని ఎరిగినదే, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. నెల్లూరు వైపు, నరసరావుపేట వైపు, కాకినాడ దగ్గర మాధవపట్నంలోనూ బొమ్మలాట కుటుంబాలున్నాయి. ఈ కుటుంబాల్లో చాలావాటికి ఇంటిభాష మరాఠీ. వాళ్ళ పెద్దలు ఎప్పుడో మహారాష్ట్ర వైపు నుంచి దిగివచ్చినవారు. ఇంట్లో మరాఠీ, తెరమీద రంగనాథ రామాయణం ద్విపద! తరతరాలుగా రెండూ వదలలేదు. ఒక్క తరానికే ఇంటిభాష జారిపోతోందని వాపోయే మనం ఆ ఊరు వెళ్ళి ట్యూషను చెప్పించుకోవలసిందే.

బొమ్మ తయారీ చూస్తే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ పోయేలా గీకి, బిగలాగి ఎండబెడితే వెలుతురు అవతలికి కనబడేంత పలచగా తయారవుతుంది. పూర్వం రాముడూ సీతా వంటి ఉత్తమ పాత్రలకి జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అది పోయింది, ఇప్పుడు దేవుడికీ రాక్షసుడికీ మేకతోలే. తోలు మీద గీత గీసి, రంగులద్ది, రకరకాల ఉలులతో చిల్లులు కొడతారు. నగలూ, కిరీటం, చీర అంచూ అన్నీ ఆ చిల్లులే. వెనక దీపం పెట్టగానే ముత్యాల్లా మెరుస్తాయి. మన బొమ్మలు భారతదేశంలో కెల్లా పెద్దవి, మనిషి ఎత్తు దాకా ఉంటాయి. చేతులు విడిగా చేసి కీళ్ళ దగ్గర దారంతో కడతారు. నడుమ చీల్చిన కర్రలో బొమ్మను బిగించి నిలబెడతారు. గోడకి కొట్టిన బొమ్మకి ఆ కర్రా ఉండదు, కీళ్ళూ కదలవు.

ఇక ఆట. తెల్లటి గుడ్డ తెర, వెనక ఆముదం దీపాలు (తర్వాత పెట్రోమాక్సు, ఇప్పుడు కరెంటు బల్బు). నూనెదీపానికి మంట కాస్త ఊగుతుంది కనుక బొమ్మ ఊపిరి పీల్చినట్టుంటుంది. బల్బుకి ఆ గుణం లేదని చూసినవారంతా అంటారు. హార్మోనియం, మృదంగం, తాళాలు, కాలి గజ్జెలు. యుద్ధం వచ్చిందంటే కాలికింది చెక్కపలకల మీద దడదడ తొక్కుతారు, పిల్లలు తల్లుల కొంగుల్లో దూరతారు. బొమ్మను ఆడించేవాడే పద్యం ఎత్తుకోవాలి, వచనం చెప్పాలి. ఆడపాత్రలకి ఇంటి ఆడవాళ్ళే గొంతు ఇస్తారు. రాత్రి భోజనాలయ్యాక మొదలైతే కోడికూతకి మంగళహారతి. మధ్యలో జనం కునికిపాట్లు పడకుండా బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు దూరిపోతారు. వాళ్ళ మాటల్లో అన్నీ మన సంచికలో అచ్చువేయదగ్గవి కావు, అయినా ఊరి కరణం నుంచి కాపు దాకా ఎవర్నీ వదలని ఆ వెటకారంలోనే సగం ఆట ఉంది. తెరచాటు బొమ్మలాట ప్రస్తావన పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే ఉందంటే ఎంత పాతదో ఊహించుకోండి.

సినిమా వచ్చి ఆటను దెబ్బతీసింది, టీవీ మిగతాది పూర్తి చేసింది. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక రాత్రంతా చాప మీద కూర్చుని రామాయణం చూసే అవసరం ఎవరికుంటుంది? తోలు పని వచ్చిన చేతులు దీపపు గొడుగుల వైపూ, గోడ బొమ్మల వైపూ మళ్ళాయి. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపు దొరికింది. 2020లో నిమ్మలకుంట దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే.

దీపపు గొడుగుని చిన్నచూపు చూసే ఉద్దేశం మాకు లేదు. ఆ ఊళ్ళో పొయ్యి వెలిగించింది అదే. కాకపోతే గొడుగుకి పద్యం అక్కర్లేదు. చిల్లులు కొట్టడం పగలు వసారాలో కూర్చుని నేర్చుకోవచ్చు. పాట, మాట, మృదంగం, ఏ ఘట్టంలో ఏ రాగం అన్నవి మాత్రం తెర వెనక పెద్దవాళ్ళ పక్కన రాత్రుళ్ళు నిలబడితేనే వస్తాయి. ఆట పిలిచేవాళ్ళు లేకపోతే పిల్లవాడు ఎక్కడ నిలబడతాడు? బొమ్మ బతికి ఆట పోవడం ఇలాగే జరుగుతోంది. డబ్బు పంపేవారూ, బొమ్మలు కొనేవారూ ఇది గమనించాలి.

మన ఉగాదికి ఒక బృందాన్ని రప్పిద్దామని కార్యవర్గంలో మాట వచ్చింది. వెంటనే "పదిహేను నిమిషాలు చాలు, తర్వాత పిల్లల ఫ్యాషన్ షో ఉంది" అన్న మాట కూడా వచ్చింది. పదిహేను నిమిషాల్లో హనుమంతుడు సముద్రం కూడా దాటలేడు. రెండు గంటలకి తగ్గకుండా ఒక్క కథ పెట్టాలనీ, పిల్లల్ని గుంపులుగా తెర వెనక్కి పంపి చూడనివ్వాలనీ మా వాదన. అంత ఖర్చు ఈ ఏడు కుదరకపోతే ఇంకో దారి ఉంది. ప్రతి వేసవిలో మనలో పాతిక కుటుంబాలు దేశం వెళ్తున్నాయి. గృహప్రవేశమో, ఊరి జాతరో, అమ్మానాన్నల షష్టిపూర్తో ఉంటుంది. ఆర్కెస్ట్రాకి పోసే డబ్బులో ఒక రాత్రి బొమ్మలాట ఆడించవచ్చు. తెల్లవార్లూ ఆడమని ముందే చెప్పండి, లేకపోతే మన తొందర చూసి వాళ్ళే కుదించేస్తారు.

అనంతపురం, నెల్లూరు, నరసరావుపేట, కాకినాడ ప్రాంతాల సభ్యులు చిన్నప్పుడు చూసిన ఆటలో ఏ కథ, ఏ ఊళ్ళో, ఎన్ని గంటలకి మొదలైందో గుర్తున్నంత వరకు రాసి వచ్చే నెల 10వ తేదీలోగా పంపండి. బంగారక్క చెప్పిన హాస్యాలు కూడా రాయవచ్చు. అచ్చువేయగలిగినవి వేస్తాం.