గసగసమంత చదరం

స్థలం కొలతల విషయంలో తెలుగువాళ్లని అంత తేలిగ్గా ఎవరూ బురిడీ కొట్టించలేరు. గజమంటే 9 చదరపు అడుగులనీ, సెంటంటే 48 గజాల పైచిలుకనీ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నెల్లూరు వైపు వెళ్తే అంకణాల లెక్క. కానీ అదే స్థలంలో ఇల్లు లేచి వైరింగ్ పని మొదలయ్యేసరికి కథ మారిపోతుంది. ‘ప్లగ్గులకి రెండున్నర స్క్వేర్ ఎం.ఎం. తెప్పిస్తారా సార్, ఒకటిన్నరతో సరిపెట్టేద్దామా?’ అని ఎలక్ట్రీషియన్ అడిగితే ఇంటాయన ఇంటావిడ వైపు చూస్తారు. ఆవిడ ఆయన వైపు చూస్తారు. చివరికి ‘ఏది మంచిదైతే అది వేసెయ్ బాబూ’ అనేస్తారు.

హద్దు దగ్గర జానెడు స్థలం తగ్గితే ఊరుకోని మనుషులు, ఇంట్లో నిప్పు పుట్టకుండా చూసే కొలతని మాత్రం అలా వదిలేస్తారు. కారణం ఒక్కటే... చదరపు మిల్లీమీటరు ఎంతుంటుందో కళ్లకు కట్టకపోవడం. మరి దాన్ని చూడటం ఎలా?

పిల్లల పుస్తకాల్లోనే ఉంది

ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలుంటే గ్రాఫ్ కాగితం ఉండే ఉంటుంది. అందులో కనిపించే అతి చిన్న గడి ఉందే, పొడవు ఒక మిల్లీమీటరు, వెడల్పు ఒక మిల్లీమీటరు. అదే అచ్చమైన చదరపు మిల్లీమీటరు! అలాంటివి వంద కలిస్తే ఒక చదరపు సెంటీమీటరు.

ఇప్పుడు వంటింట్లోకి రండి. గసగసాల డబ్బాలోంచి ఒక్క గింజ తీసి ఆ గడిలో పెడితే, ఇంచుమించు దాన్ని నింపేస్తుంది. ఆవగింజ అయితే పట్టదు. రెండు మిల్లీమీటర్ల ఆవగింజ మూడు గడులకు పైగా ఆక్రమిస్తుంది. సెల్‌ఫోన్లో వేసే నానో సిమ్ 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే 108 గడులు. 500 రూపాయల కొత్త నోటు పొడవు 150, వెడల్పు 66 మిల్లీమీటర్లు. గుణిస్తే 9,900 గడులు. ఇంకో వంద కలిస్తే పదివేలు!

ఇక గజం స్థలంలో ఇలాంటి గడులు 8 లక్షల 36 వేలకు పైనే. సెంటులో అయితే 4 కోట్ల పైచిలుకు.

అంత చిన్న చోటు దేనికి పనికొస్తుందనిపిస్తే, కంప్యూటర్ చిప్‌ని చూడాలి. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్ వైశాల్యం 12 చదరపు మిల్లీమీటర్లు, అందులో ట్రాన్సిస్టర్లు 2,300. అంటే ఒక్కో గడిలో రెండు వందల లోపే. ఇప్పటి ఖరీదైన ఫోన్ల చిప్‌లలో ఒక్క గసగసమంత చోట పది కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు ఇముడుతున్నాయి.

వెడల్పు వేరు, వైశాల్యం వేరు

అసలు చిక్కు ఇక్కడుంది. ‘4 స్క్వేర్ ఎం.ఎం. వైరు’ అనగానే చాలామంది నాలుగు మిల్లీమీటర్ల లావు తీగ అనుకుంటారు. కాదు. తీగని అడ్డంగా కోస్తే కనిపించే రాగి ముఖం వైశాల్యమే ఆ నాలుగు. అంత రాగిని ఒకే గుండ్రటి తీగగా చేస్తే దాని లావు 2.26 మిల్లీమీటర్లే. అగ్గిపుల్లని మధ్యకి విరిచి చూస్తే కనిపించే కొస సుమారుగా అంతే ఉంటుంది. ఏసీ మొత్తానికీ కరెంటు వెళ్లేది ఆ అగ్గిపుల్లంత దారిలోనే అన్నమాట.

ఒక చదరపు మిల్లీమీటరు వైరుని చూడాలంటే, పిల్లల క్లిక్ పెన్సిల్లో వేసే 0.5 లెడ్ ముక్కలు అయిదింటిని కట్టగా పట్టుకుంటే చాలు. ఆ అయిదు కొసల వైశాల్యం దాదాపు ఒకటి.

లావు కొద్దిగా తగ్గితే వైశాల్యం బాగా తగ్గిపోతుంది. రెండు మిల్లీమీటర్ల తీగ వైశాల్యం 3.14. ఒక మిల్లీమీటరు తీగది 0.785. లావు సగమైతే వైశాల్యం పావువంతే! కంటికి ‘కాస్త సన్నం’ అనిపించే వైరు నిజానికి చాలా సన్నం కావడానికి కారణం ఇదే.

గోడలో దాగిన వేడి

కరెంటుకి రాగి తీగ రోడ్డు లాంటిది. ఇరుకైతే ఒరిపిడి ఎక్కువ, వేడి ఎక్కువ. 2,000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మెయిన్ బోర్డు నుంచి గీజర్ 20 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. పోనూ రానూ తీగ 40 మీటర్లు. అది ఒక చదరపు మిల్లీమీటరు వైరైతే దారిలోనే 52 వాట్లు వేడిగా మారిపోతాయి. గోడలో పాత 60 వాట్ల బల్బుని పాతిపెట్టి వెలిగించినంత పని. అదే రెండున్నర వైరైతే 21 వాట్లు, నాలుగు వైరైతే 13 వాట్లు.

అదే వైరు మీద ఇంకో గీజరంత బరువు పడిందా? కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. 52 కాస్తా రెండు వందలు దాటిపోతుంది. వైర్ల మీద ఉండే మామూలు పీవీసీ తొడుగు తట్టుకోవలసిన హద్దు 70 డిగ్రీల సెల్సియస్. దాన్ని దాటి రోజూ కాగుతుంటే తొడుగు పెళుసెక్కుతుంది, పగులుతుంది. ఆ తర్వాత వచ్చేది షార్ట్ సర్క్యూట్.

అందుకే లైట్లకీ ఫ్యాన్లకీ ఒకటి లేదా ఒకటిన్నర, పెద్ద ప్లగ్గులకి రెండున్నర, ఏసీకీ గీజర్‌కీ నాలుగు వేయడం వాడుకలో ఉన్న పద్ధతి. దూరం, బరువు పెరిగితే ఇది ఇంకా పెరగొచ్చు. ఆ లెక్క లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత వేయించుకోవాలి. మాటిమాటికీ ఎం.సి.బి. పడిపోతోందని దాని బదులు పెద్దది పెట్టించడం మాత్రం అసలు వద్దు. ఎం.సి.బి. పడిపోవడమంటే వైరుని కాపాడటమే. సన్నటి వైరుకి పెద్ద ఎం.సి.బి. పెడితే కాపలావాడికి నిద్రమాత్ర వేసినట్టే.

ఆవగింజలో అరవయ్యో వంతు

ఇంతకీ కొన్న వైరులో చెప్పినంత రాగి ఉందో లేదో తెలిసేదెలా? పైకి కనిపించే లావుని నమ్మకూడదు. తొడుగు మందంగా వేసి లోపల రాగి తగ్గిస్తే వైరు బొద్దుగానే కనిపిస్తుంది.

కొస ఒలిచి పోగులు లెక్కపెట్టండి. మన దగ్గర ఇళ్లకు వాడే మెత్తటి వైర్లలో సాధారణంగా ఒక్కో పోగు లావు 0.3 మిల్లీమీటర్లు. ఒక పోగు వైశాల్యం 0.07 చదరపు మిల్లీమీటర్లు. ‘ఆవగింజలో అరవయ్యో వంతు’ అని పెద్దలు అనేది కాస్త అటూ ఇటూగా ఇంతే! ఆ లెక్కన ఒక చదరపు మిల్లీమీటరు వైరులో 14 పోగులు, ఒకటిన్నరలో 22, రెండున్నరలో 36, నాలుగులో 56 ఉంటాయి. పోగులు అంతకంటే సన్నవైతే సంఖ్య ఇంకా ఎక్కువ ఉండాలి.

తూకం ఇంకో ఉపాయం. చదరపు మిల్లీమీటరు రాగి తీగ ఒక మీటరు పొడవుంటే దాదాపు 9 గ్రాములు తూగుతుంది. షాపులో దొరికే 90 మీటర్ల చుట్టలో రెండున్నర వైరైతే రాగే రెండు కిలోలుండాలి. తొడుగుతో కలిపి కూడా రెండు కిలోలు తూగకపోతే అనుమానించాల్సిందే.

పోగుని బ్లేడుతో గీకి చూడటం మూడో పరీక్ష. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. రాగి వైరు రెండున్నరతో చేసే పనికి అల్యూమినియం అయితే నాలుగు కావాలి. వైరు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 694 అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూడటం ఎలాగూ తప్పదు.

పాత ఇల్లు కొనేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ‘త్రీ ట్వంటీ’, ‘సెవెన్ ట్వంటీ’ అని పాత మేస్త్రీలు చెప్పేది గేజి లెక్క. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది గేజి నంబరు. మూడు పోగులదైతే వైశాల్యం రెండు చదరపు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, ఏడు పోగులదైతే నాలుగున్నర. అది ట్యూబ్‌లైట్ల రోజుల్లో వేసిన వైరింగ్. దాని మీద రెండు ఏసీలు పెట్టేముందు ఒకసారి పరీక్ష చేయించడం మంచిది.

గుండెకీ ఇదే లెక్క

ఈ లెక్క గోడల్లోనే కాదు, ఒంట్లోనూ ఉంది. గుండెకి రక్తం తీసుకెళ్లే ధమని లోపలి వెడల్పు మూడు మిల్లీమీటర్లనుకుంటే, దాదాపు బాల్‌పెన్ రీఫిల్ లావు అన్నమాట. రక్తం పారే దారి వైశాల్యం 7 చదరపు మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకుని ఆ వెడల్పు సగమైతే మిగిలే దారి 1.77 మాత్రమే. వెడల్పులో ‘50 శాతం’ అని రాసిన అడ్డంకి, వైశాల్యంలో చూస్తే 75 శాతం! ఏడు గసగసాలు పట్టే దారిలో రెండు కూడా పట్టనట్టు. రిపోర్టులో శాతం కనబడగానే ‘సగం తెరిచే ఉందిగా’ అని ధీమాపడటం, లేదా బెంబేలెత్తిపోవడం రెండూ సరికాదు. అది వెడల్పు శాతమా, వైశాల్యం శాతమా, మందులతో సరిపోతుందా అని డాక్టరుగారిని అడగాలి.

ఇల్లు ఎన్ని గజాలని చూసేవాళ్లంతా ఇకమీదట ఒక గ్రాఫ్ కాగితం ముక్కని కూడా పర్సులో పెట్టుకుంటే మంచిది. ఈసారి ఎలక్ట్రీషియన్ వచ్చి ‘ఒకటిన్నరతో సరిపెట్టేద్దామా?’ అంటే, ‘ఏదీ, కొస ఒలువు... పోగులెన్నో చూద్దాం’ అనొచ్చు.