గెలిచాక నోరు జారితే

అమెరికాలోని మయామీలో ఒక ప్రైవేటు పాఠశాల మాజీ ప్రధానోపాధ్యాయుడు, వయసు చూసి తన కాంట్రాక్టు పొడిగించలేదని దావా వేశారు. 2011లో రాజీ కుదిరింది. బకాయి జీతం 10 వేల డాలర్లు, లాయరు ఫీజు 60 వేలు, ఆయనకు మరో 80 వేలు. ముఖ్యమైన షరతు గోప్యత: భార్యకు, లాయర్లకు, సలహాదారులకు తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు. ఆయన కూతురికి చెప్పారు. అమ్మానాన్న గెలిచారనీ, వేసవిలో తన యూరప్ విహారానికి ఖర్చు బడిదేననీ ఆ అమ్మాయి ఫేస్‌బుక్‌లో ఎద్దేవాగా రాసింది. మిత్రులు సుమారు 1,200 మంది. వారిలో అదే బడిలో చదువుతున్నవారూ, చదివినవారూ ఉన్నారు. ఇంకేముంది! ఆ 80 వేలు ఇవ్వనక్కర్లేదని 2014లో అప్పీలు కోర్టు తేల్చింది. మా దృష్టిలో తప్పు పిల్లది కాదు, మాట ఇచ్చి నిలుపుకోని తండ్రిది.

మన దగ్గరా ఈ సంబరం తక్కువేం లేదు. విడాకుల తీర్పు రాగానే వాట్సాప్ స్టేటస్ మారిపోతుంది. ఆ విచారణ వివరాలు ప్రచురించడాన్ని హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ నిషేధిస్తోంది. జరిమానా వెయ్యి రూపాయల దాకా. బెదరడానికి అదేం చాలుతుంది? ఇక బెయిలు తెప్పించామంటూ రీల్స్ చేసే న్యాయవాదులకు, ప్రచారం చేసుకోరాదన్న బార్ కౌన్సిల్ 36వ నియమం తెలియదనుకోలేం.

కక్షిదారులకు ఒక్క మనవి: పోస్టు పెట్టే ముందు రాజీపత్రం చివరి పేజీ వరకూ చదవండి.